మంచం పక్క గోడ

అమ్మలూ, నేను డ్యూటీకి వెళ్తున్నా. పెయింటరు పదింటికి వస్తాడు. బీరువా వెనక బూజంతా గీకి, గోడ ఆరాకే రంగు వెయ్యమను. పోయినసారిలా పైపైన పూసేస్తే వానలకి మళ్ళీ నల్లగా లేస్తుంది. పైవాళ్ళ పైపు కారుతోందని ఎంత మొత్తుకున్నా ఓనరు చెవికెక్కదు. మనం కిటికీలు తియ్యకే బూజట! నువ్వా దుమ్ములో నిలబడకు, దగ్గొస్తుంది.

మంచం పక్క గోడని మాత్రం ముట్టుకోనివ్వకు. అక్కడున్న గుండ్రటి మరక బూజు కాదురా తల్లీ. మీ అమ్మ పోయేదాకా అక్కడే తల ఆనించుకుని కూర్చునేది. అది ఆవిడ తలనూనె మరక.

నిన్న నువ్వు దాన్ని బ్లీచింగ్ పెట్టి రుద్దుతుంటే గుమ్మంలోనే నిలబడ్డాను. వద్దనకుండానే వెనక్కి తిరిగాను. చుట్టూ అంతా బూజే, నీకేం తెలుస్తుంది, నీ తప్పేం లేదు.

నాన్న

ఇంకా సగం మిగిలింది. దాన్నలా ఉండనీ.