శ్రావణి ఏ బ్యాచ్‌లో చేరిందంటే

శ్రావణి నాయినా,

నువ్వు పోయాక మనింట్లో మొదటి మంచి మాట ఇది, విను. నీ బిడ్డ ఈరోజు ఇంటర్‌ ఎంపీసీలో చేరింది.

తెలంగాణ బంద్ కదా, బస్సుల్లేవు. మన్సూరాబాద్ నుంచి నడిచే వెళ్లాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పులిహోర కలుపుతున్నారు. పోయినేడు ఆ గరిటె నీ చేతిలో ఉండింది. మాకూ చెరో పొట్లం ఇచ్చారు. నువ్వు లేకపోయినా ఉప్పు మాత్రం అలాగే ఎక్కువైంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ ముందు గేటుకు తాళం వేసి, వెనక సందులోంచి పిల్లల్ని చేర్చుకుంటున్నారు. బంద్ అంటే అందరికన్నా ముందు నువ్వు రోడ్డెక్కేవాడివి. మేమేమో దొంగల్లా ఆ సందులోంచి దూరాం. తిట్టకు.

లెక్కల సారు చిన్న పరీక్ష పెట్టి, మార్కులు చూసి, "ఐఐటీ బ్యాచ్‌లో వేస్తానమ్మా" అన్నాడు. దానికోసం జనం బతిమాలుతారట. తెల్లారింది మొదలు చీకటి పడేదాకా లెక్కలేనట. నేను మురిసిపోయాను. నీ బిడ్డేమో తల అడ్డంగా ఊపింది.

"ఎంసెట్ బ్యాచే చాలు సార్. ఇంజనీరింగ్‌కు గదే సరిపోతది. నాకు లెక్కలంటే ఇష్టం. పొద్దుమాపు గవే చేస్తే గా ఇష్టం పోతది."

సారు నా వైపు తిరిగాడు. "తొందరేం లేదమ్మా, వాళ్ల నాన్నగారిని అడిగి రేపు చెప్పండి."

అది ఏదడిగినా నువ్వు వద్దన్న రోజుందా?

"అడిగిన సార్," అన్నాను. "ఊ అన్నడు."