నేను పట్టిన కుందేలు

జూన్ 4, మంగళవారం

మబ్బు. గాలి లేదు. ఉదయం వంటింటి సింకు గొట్టం విప్పి, అడ్డుపడ్డ మడ్డి తీసి బిగించాను. మూడు దుకాణాల్లో కాటాలు సరిచేశాను. ఒకదాన్ని ఇంటికి తెచ్చాను. సాయంత్రం కుందేలుకు వెనక కాళ్ళు పడిపోయాయి. మంచం మీంచి దూకి ఉంటుంది.

జూన్ 5

ఎక్స్‌రే తీయించాం. నడుము దగ్గర వెన్నుపూస చిట్లింది. డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పట్టి పెన్ను కొనతో చూపించింది. చూపించకపోయినా కనపడుతోంది. కాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దంది. మూత్రం దానంతటది పోయలేదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి, నోరులేని దాన్ని బాధపెట్టడం ఎందుకు, ఒక్క ఇంజెక్షన్‌తో నిద్రలోనే పోతుంది అంది. మంచి మనిషి. మా అమ్మాయి వినకుండా గొంతు తగ్గించి చెప్పింది.

ఎన్ని రోజులు అని అడిగాను. దేనికి అంది. బతుకుతుందో లేదో తేలడానికి అన్నాను. ఇరవై రోజులు అంది. తినాలి, పుండు పడకూడదు, బ్లాడర్ ఎప్పటికప్పుడు ఖాళీ అవ్వాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా తీసుకురండి, అప్పుడు మాత్రం నాతో వాదించకండి అంది.

సరే అన్నాను. ఇరవై రోజులంటే జూన్ 25.

అమ్మాయికి పదకొండేళ్ళు. దారి పొడవునా బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ట్యూషన్‌కు వెళ్తూ వాణ్ణి మంచం మీద వదిలేశానమ్మా, నా వల్లే అని వాళ్ళమ్మతో అంది. నేను బస్సు టికెట్లు తీసుకున్నాను.

జూన్ 6

ఎండ. వాడి పేరు గుమాస్తా. మా ఆవిడ పెట్టింది. కాగితం కనపడితే చాలు, ముందు పరిశీలన, తర్వాత భోజనం. ఇంతవరకు ఒక కరెంటు బిల్లు, అమ్మాయి లెక్కల నోటుబుక్కు, క్యాలెండర్లో రెండు నెలలు పూర్తిచేశాడు.

బ్లాడర్ మూడు పూటలా ఖాళీ చేయాలి. ఎడమ చెయ్యి ఛాతీ కింద. కుడి చేతి వేళ్ళు పొట్ట కింద. నిమ్మకాయంత తగులుతుంది. మెల్లగా వెనక్కి నొక్కాలి. మొదటిసారి రాలేదు. రెండోసారి నా చొక్కా మీదికి వచ్చింది. మూడోసారి గిన్నెలోకి.

ఇంకొకటి తెలిసింది. కుందేలు తెల్లవారుజామున మెత్తటి పెంట వేసి, వంగి, నోటితో అందుకుని తింటుంది. అది తింటేనే తిన్న గడ్డి ఒంటపడుతుందట. వీడు వంగలేడు. అందుకని నేను చేత్తో పట్టి నోటికి అందిస్తున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, పెళ్ళయి పద్నాలుగేళ్ళు, నాకు ఒక్కనాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టిన పాపాన పోలేదు, దానికి పెంట తినిపిస్తున్నారా అంది.

జూన్ 8

బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. నోరు ఎక్కువ, మనసు మంచిదే. బుట్టలోకి తొంగిచూసి, బావా, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని ఊరికే అనేవాణ్ణి, ఇప్పుడు రెండుకు దిగావా అన్నాడు. ఒక్కడే నవ్వాడు. వెళ్ళేటప్పుడు వాకిట్లో ఆగి, చూడలేకపోతే చెప్పు, నేను తీసుకెళ్ళి పని పూర్తి చేయించుకొస్తా అన్నాడు.

అక్కర్లేదన్నాను. నీ ఇష్టం అన్నాడు. అవును, నా ఇష్టం అన్నాను.

జూన్ 9

జూన్ 4న రాసింది అబద్ధం.

జూన్ 10

ఎండ. పనికి వెళ్ళలేదు.

ఇంటికి తెచ్చిన కాటా డిజిటల్‌ది. సరిచేశాక రాళ్ళు పెట్టి పరీక్షించాను. అన్నీ సరిపోయాయి. కదిలే బరువుకు ఎలా నిలబడుతుందో చూద్దామనిపించింది. ఎవరూ అడగలేదు. ఆ ముచ్చట నాదే. గుమాస్తాను తెచ్చి పళ్ళెంలో పెట్టాను. అంకె ఆడుతోంది. వాడు ఆగడం లేదు. దిగబోయాడు. మెడ మీద చర్మం పట్టుకుని ఎత్తాను. నడుము కింద చెయ్యి వేయలేదు. గాల్లో ఒక్క తన్ను తన్నాడు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. తిరిగి పళ్ళెంలో పెట్టాను.

అప్పుడు అంకె నిలబడింది. 1,742.

పట్టుకోవడం చేతకాక, వాడి తన్నుతో వాడి నడుమే విరిచాను. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు, విప్పి చూసి అన్నీ తెలుసుకున్నాను అని ఇన్నాళ్ళూ లోపల్లోపల గర్వపడేవాణ్ణి. కుందేలు విప్పి చూసే వస్తువు కాదు.

అమ్మాయికి చెప్పాలి.

జూన్ 11

చెప్పలేదు. మూడు పూటలూ బ్లాడర్ సరిగ్గా వచ్చింది.

జూన్ 12

అమ్మాయి అన్నం ముందు కూర్చుని, మంచం తలుపు దగ్గర కాకుండా గోడవైపు వేసి ఉంటే దూకేవాడు కాదేమో అంది. ఇక లాభం లేదని చెప్పేశాను. ఉన్నది ఉన్నట్టు, అంకెతో సహా.

వాణ్ణి సరుకులా తూచావా నాన్నా అంది. కంచం వదిలేసి లేచిపోయింది.

మా ఆవిడ గిన్నెలన్నీ సర్దేదాకా ఆగింది. తర్వాత, ఇన్ని సేవలు ఎందుకా అనుకున్నాను, ఇదంతా వాడి కోసమా, మీ తప్పు కడుక్కోవడానికా అంది. వాడు బాధపడుతుంటే మీరు ఊరట పొందడం ఏం న్యాయం అంది.

ఆ మాటలో నిజం ఉంది. అయినా చెప్పాను. నా కోసమే అనుకో. వాడి ఆకలి మాత్రం వాడిదే కదా. పొద్దున క్యారట్ ఆకు కోసం నా వేలు కొరికాడు. తింటున్నవాణ్ణి చంపమని ఏ శాస్త్రంలో ఉంది?

నేను ఒక్కసారి ఇన్ని మాటలు అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

జూన్ 14

1,610. ఇప్పుడు బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేస్తున్నాను. అమ్మాయి మాట్లాడటం లేదు. కానీ మధ్యాహ్నం బ్లాడర్ వేళకు వచ్చి టవలు పట్టింది. నా మొహం చూడలేదు. ఎడమ మడమ దగ్గర ఎర్రబారిందని వేలితో చూపించింది. నేను చూసుకోలేదు. కింద రెండు మడతల దుప్పటి వేశాం.

జూన్ 16

చినుకులు. అల్యూమినియం పట్టీలు వంచి చిన్న బండి చేశాను. వెనక రెండు చక్రాలు. నడుము కింద పాత బనియన్‌తో ఉయ్యాల. ముందు కాళ్ళతో వాడు లాగాలి, వెనక భాగాన్ని చక్రాలు మోయాలి.

ఎక్కించగానే మూతి నేలకు ఆనించి ఊరుకున్నాడు. బండే 640 గ్రాములు. వాడిలో మూడో వంతు పైన. వీపు మీద బీరువా పెట్టినట్టుంది. విప్పేశాను.

జూన్ 18

రెండో బండి 210 గ్రాములు. మళ్ళీ మూతి నేలకే. ఈసారి బరువు కాదు, ఇరుసు చోటు తప్పు. మరీ వెనక్కి పెట్టాను, భారమంతా ముందు కాళ్ళ మీదికి వస్తోంది. కాటా దండె సమంగా తూగాలంటే మధ్యముల్లు ఎక్కడ ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మరి ఇది రెండు రోజులు తట్టలేదు. ఇరుసును రెండు వేళ్ళ మందం ముందుకు జరపాలి.

జూన్ 19

1,540. గడ్డి ముట్టలేదు. కొత్తిమీర పెడితే మొహం తిప్పుకున్నాడు. సిరంజితో పోసిన జావ సగం బయటికే వచ్చింది. ఫోన్‌లో డాక్టరమ్మ రేపటిదాకా చూద్దాం, తినకపోతే మాత్రం తీసుకురండి అంది.

జూన్ 20

ఉదయం కూడా తినలేదు. మధ్యాహ్నం బుట్టతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామని, ఒక దుకాణంలో తప్పని పని ముగించి వచ్చాను. బుట్ట లేదు.

మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. తమ్ముడు తీసుకెళ్ళాడు, నేనే పిలిచాను, మీ చేతుల మీదుగా అయితే జరగదు అంది. ఏడ్చిన గొంతు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.

దవాఖానా వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. అరిచాను. వాణ్ణి ముట్టుకుంటే ఊరుకోను అని, వాడి నడుము విరిచింది నేను, వాడి సంగతి నేను తేల్చుకుంటాను, మీరెవరు అని. అందరూ వింటుండగా. ఒకాయన తన కుక్కను దగ్గరికి లాక్కున్నాడు.

బావమరిది మూల బెంచీ మీద, ఒళ్ళో బుట్టతో కూర్చుని ఉన్నాడు. అరవకు బావా, ఇంకా ఏం కాలేదు అన్నాడు. ఇంజెక్షన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టమని కాగితం ఇచ్చారట. పెన్ను అడగడానికి కౌంటరు దాకా వెళ్ళి వచ్చేసరికి సగం కాగితం లేదట. చూపించాడు. పైన దవాఖానా పేరు, కింద ఒక గీత మిగిలాయి. గుమాస్తా దవడలు ఆడుతున్నాయి.

డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. పేగు కదులుతోంది అంది. బావమరిది ఇంకో కాగితం ఇస్తారా అని అడిగాడు. ఆమె అతన్ని ఒక చూపు చూసి, ఇస్తే అదీ తింటాడు, గడ్డి ఇవ్వండి అంది. తర్వాత నాతో, గడువు పెట్టింది నేను, ఇంకా ఐదు రోజులున్నాయి, తీసుకెళ్ళండి అంది.

దారిలో బావమరిది, అక్క ఏడుస్తుంటే చూడలేకపోయాను బావా అన్నాడు. తెలుసు అన్నాను. తన చెప్పులు విప్పి నాకిచ్చాడు. ఒక సైజు పెద్దవి.

సాయంత్రం మా ఆవిడ కొత్తిమీర కాడలు వేరుచేసి, ఆకు సన్నగా తుంచి బుట్ట పక్కన పెట్టింది. గుమాస్తా తిన్నాడు.

జూన్ 22

1,580.

జూన్ 25, మంగళవారం

ఎండ. 1,655. మడమ ఎరుపు తగ్గింది, పుండు లేదు. ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కాలివేళ్ళు గిల్లి చూసింది. తెలియలేదు వాడికి. కాళ్ళు రావు, ఇక ఇంతే అంది. మళ్ళీ ఎన్ని రోజులు అని అడిగాను. గడువేం లేదు, ఏళ్ళ తరబడి చేయాల్సి వస్తుంది, చేయగలరా అంది. మూడు పూటలా గిన్నె పట్టడమే కదా అన్నాను.

వరండాలో ఒకావిడ బుట్టలోకి చూసి, అయ్యో పాపం, ఇలా ఉంచడం కంటే పోతేనే సుఖం కదండీ అని నాతో అంది. నేను మాట వెతుక్కునేలోపు అమ్మాయి అందుకుంది. పాపమేం లేదండీ, వాడికి రెండు కాళ్ళు పనిచేస్తాయి, మీకున్నవీ రెండే అంది. మా ఆవిడ తప్పు అని దాని చెయ్యి లాగింది. లాగుతూ నవ్వింది.

బస్సులో అమ్మాయి నాతో, నాన్నా, కిటికీ మూయి, వాడికి గాలి కొడుతోంది అంది. పదమూడు రోజుల తర్వాత. మూశాను.

జూన్ 30

ఇరుసు జరిపాను. పట్టీలు ఇంకొంచెం కత్తిరించాను, బండి ఇప్పుడు 190 గ్రాములు. మొదట నిలబడ్డాడు. తర్వాత మూడు బారలు ఒక్క ఊపున వెళ్ళి కుర్చీ కాలికి గుద్దుకున్నాడు. వెనక్కి రావడం తెలియదు. కుర్చీనే తీయాల్సి వచ్చింది. సాయంత్రంలోగా హాల్లో కుర్చీలన్నీ గోడకు చేరాయి. బావమరిది వచ్చి, మనుషులు ఎక్కడ కూర్చోవాలి బావా అన్నాడు. నేల చూపించాను. కూర్చున్నాడు.

జూలై 6

పొద్దుటి నుంచి వాన. హాల్లో పైకప్పు కారుతోంది. కింద బకెట్ పెట్టాను. సగం పైనే నిండింది, పారబోయాలి. గుమాస్తా బండితో వచ్చి బకెట్‌కూ గోడకూ మధ్య ఇరుక్కున్నాడు. మా ఆవిడ తీయండి అంటోంది. అమ్మాయి వద్దు నాన్నా, ఉండు అంటోంది. ముందు కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఆగాడు. చక్రాలు కొంచెం వెనక్కి కదిలాయి.