వెనక వరసలో ఎత్తిన చెయ్యి

తిరువూరు,
4-5-1970

ప్రియమైన శేషయ్యన్నగారికి,

మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని పిచ్చమ్మ వదిన కార్డు రాసింది. సంతోషం. సంతోషం ఇక్కడితో సరి. ఇక కోపం మొదలుపెడుతున్నాను.

మీరు నిలబడతారా, నిలబడరా?

మార్చి నుంచి అడుగుతున్నాను. "చూద్దాం" అంటారు. మొన్న బెజవాడ బస్సు కిటికీ పట్టుకుని అడిగాను. అప్పుడూ "చూద్దాం రిబ్కా" అన్నారు. శుక్లాలు ముదిరి ఎదురుగా ఉన్న మనిషి కంటికి ఆనక ఆస్పత్రికి పోతూ "చూద్దాం" అన్న మహానుభావుడు మీరొక్కరే.

ఇది మీ ఇంటి సంగతి కాదు. నలభై తొమ్మిది ఊళ్ళ బళ్ళు, బావులు, రోడ్లు పంచాయతీ సమితి ప్రెసిడెంటు సంతకం కింద ఉన్నాయి. పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఒక్కడే మనిషి. టీచర్లంటే ఆయనకి చదరంగంలో బంట్లు. నన్ను ఏడేళ్ళలో ఆరు ఊళ్ళు తిప్పాడు. ఆరో ఊరు వాగు అవతల, బస్సు లేనిచోట. ఆ ఆర్డరు చించి ఉద్యోగం వదిలాను. కరపత్రాలు రాశాను, ఈ ఏడు మా ఊరి సర్పంచినయ్యాను. ఇప్పుడదే వాగు అవతలికి ప్రమీలారాణికి ఆర్డరొచ్చింది. మా పేట బడి టీచరు, నా దగ్గర చదువుకున్న పిల్ల, జూలైలో పురుడు. చేసిన నేరం ఏంటనుకున్నారు? ప్రెసిడెంటుగారు వచ్చిన రోజు పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి పూలు చల్లించలేదు. "పిల్లలకి పరీక్షలండీ" అందట. ఆ రెండు ముక్కలకి ఇంత శిక్ష! అయిదేళ్ళకోసారి ఓట్లు వేయించుకుని మిగతా రోజులన్నీ పూలు వేయించుకోవడమా ప్రజాస్వామ్యం అంటే?

ఆయనకి ఎదురుతిరిగిన సర్పంచులం ముప్ఫై ఒక్కమందిమి జూన్ ఏడున రెడ్డిగూడెంలో హనుమయ్యగారి మామిడితోటలో కలుస్తున్నాం. ఒక్కొక్కరూ చీటీ మీద ఒక పేరు రాస్తారు. ఎక్కువ చీటీలు వచ్చిన మనిషే మన తరఫున ప్రెసిడెంటుకి నిలబడాలి. హనుమయ్యగారు తన పేరే అనుకుంటున్నాడు. నిరుడు దాకా ఆయన ప్రెసిడెంటు కారులో ముందు సీటు మనిషి! మీరు ఆరేళ్ళు వైస్ ప్రెసిడెంటుగా చేశారు, సర్పంచు కాకపోయినా ఇప్పటికీ సమితిలో కోఆప్టెడ్ మెంబరు. మిమ్మల్ని ఎరగని ఊరు లేదు.

అవునో కాదో, ఒక్క ముక్క రాయండి.

కోపంతో, అంతకంటే ఎక్కువ అభిమానంతో,
రిబ్కా

బెజవాడ,
10-5-1970

చెల్లెమ్మ రిబ్కాకి అన్నయ్య ఆశీస్సులు.

నలభై రోజులు అక్షరం ముట్టుకోకూడదన్నాడు డాక్టరు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని, అమ్మాయి వాళ్ళింట్లో వాలుకుర్చీలో పడి, నేను చెప్తుంటే మీ వదిన రాస్తోంది. రాయడం నేర్పింది నువ్వే కనుక తప్పులుంటే నీ ఖాతాలో వేసుకో.

నీ ఉత్తరం చదివించుకున్నాను. రెండుసార్లు. (మూడుసార్లు. — పిచ్చమ్మ)

అవును, కాదు అని చెప్పడం నీకు తేలికమ్మా. నాకు అరవై మూడేళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి, సమితి ఆఫీసు మెట్లెక్కాలంటే ఇద్దరు కావాలి. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. నేను నిలబడితే నెమలి ఊరెళ్ళి అక్కడి స్వామి గుడిలోనే ఉండిపోతానంటోంది మీ వదిన. (అనలేదు. నెమలి వెళ్ళి చాలా కాలమైంది అన్నాను. — పిచ్చమ్మ) పైగా నాకంటే తగినవాళ్ళు ఉన్నారు. ఇన్నేళ్ళ తర్వాత ఓడిపోతే ఆ తల తిరువూరు సెంటర్లో ఎలా ఎత్తుకు తిరగను?

ప్రమీలారాణి సంగతి విని బాధపడ్డాను. అందుకైనా ఆలోచిస్తాను. ఇక్కడ ఎండ మండిపోతోంది. మీ ఆయన శౌరయ్యని అడిగానని చెప్పు. నాకు కుట్టిన లాల్చీలో ఇద్దరం పడుతున్నాం.

చూద్దాం.

మీ అన్నయ్య,
ఆదిశేషయ్య

తిరువూరు,
15-5-1970

ప్రియమైన అన్నగారికి,

మీ ఉత్తరం చదివి శౌరయ్య నవ్వాడు. నేను నవ్వలేదు. కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ మిషన్ చప్పుడుకంటే నా చప్పుడే ఎక్కువగా ఉందంటున్నాడు.

మోకాళ్ళన్నారు. కుర్చీకి నాలుగు కాళ్ళున్నాయి, అవి చాలు. సమితికి కావలసింది మీ మోకాళ్ళు కాదు, వెన్నెముక. మెట్లెక్కడానికి ఇద్దరు కావాలంటే ముప్ఫై మందిమి ఉన్నాం.

ఇంట్లో ఒప్పుకోలేదన్నారు. ఇంట్లో నిజంగా అడిగారా, అడక్కుండానే కాదన్నారని మనసులో రాసేసుకున్నారా? మన భయానికి ఇంట్లోవాళ్ళ పేరు పెట్టడం మహా అన్యాయం.

తగినవాళ్ళు ఉన్నారన్నారు. ఎక్కడ? తగినవాళ్ళందరూ "నాకంటే తగినవాళ్ళు ఉన్నారు" అని ఇళ్ళల్లో కూర్చోబట్టే తగనివాడు పదకొండేళ్ళు కూర్చున్నాడు. ఇది వినయం కాదు, బద్ధకం. వినయం ఆ బద్ధకం బయటికి పోయేటప్పుడు తొడుక్కునే చొక్కా.

ఓడిపోతే అన్నారు. ఓడిపోండి! ఓడిన మనిషిని ఏ వాగు అవతలికి బదిలీ చేస్తారు? పేటలో పిల్లలు రోజూ ఓడిపోతూనే బడికొస్తున్నారు. మీరొక్కసారి ఓడితే కొంపలేం మునిగిపోవు.

నేను ఎ.కొండూరు, గంపలగూడెం వైపు ఊళ్ళన్నీ తిరిగాను, మీ పేరు రాయమని. అందరూ వింటున్నారు. "అలాగేనమ్మా" అని నవ్వుతున్నారు. ఆ నవ్వే నాకు అర్థం కావడం లేదు.

ఇక "చూద్దాం" అని రాస్తే ఉత్తరం విప్పను.

రిబ్కా

బెజవాడ,
24-5-1970

చెల్లెమ్మా,

ఈ ఉత్తరానికి తొమ్మిది రోజులు పట్టింది. కన్ను నొప్పి కాదు.

మోకాళ్ళు, మీ వదిన, ఓటమి, అన్నీ అబద్ధాలే. నిజం ఒకటుంది, నీకు తెలియదు. అరవై ఆరులో నిన్ను వాగు అవతలికి వేసిన రోజు సమితి మీటింగులో తీర్మానం పెట్టారు. "సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు ప్రెసిడెంటు. నేను వైస్ ప్రెసిడెంటుని, ముందు వరసలో కూర్చోవాల్సినవాణ్ణి. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను, నా చెయ్యి ఎవరికీ కనపడదు కదా అని. అక్కడ కూర్చునే ఎత్తాను. మా ఊరి చెరువు కట్టకి ఆ నెలలోనే మంజూరు కావాలి. అదీ బేరం. మర్నాడు నువ్వు మా ఇంటికొచ్చి ఏడుస్తుంటే నీకు మజ్జిగ ఇచ్చి "ఘోరం" అన్నాను.

(ఇది వింటుంటే నా చెయ్యి ఆగిపోయింది రిబ్కా. ఆ మజ్జిగ కలిపింది నేను. నాలుగేళ్ళు నాతో కూడా అనలేదు ఈయన. రెండు రోజులు ఈయనకి కాఫీ అమ్మాయి చేతే పంపాను. — పిచ్చమ్మ)

బదిలీలు ఆపుతానని ఆ చేత్తో ప్రమాణం చెయ్యమంటావా? నీ కోపం నాకు కావాలి. ఆ కుర్చీకి నేను తగను.

ఏడో తారీఖున తోటకి వెళ్ళు. చీటీలు నువ్వే విప్పు. ఏ పేరొచ్చినా కాదనకు, ఇదొక్కటే నా కోరిక. ఇంట్లో కార్డులైపోయాయట, మీ వదిన వేళ్ళనిండా సిరా. ఉంటాను.

ఆదిశేషయ్య

తిరువూరు,
8-6-1970

ఆదిశేషయ్యగారికి,

"ప్రియమైన" అని రాయడం లేదు, గమనించండి.

నిన్న తోటలో జరిగింది చెప్తాను, మీకు తెలియనట్టు వినండి. చెట్ల కింద జంబుఖానాలు పరిచారు. కాఫీలొచ్చాయి. అందరికీ స్టీలు గ్లాసులు, నాకూ, నాలాగే పేటల నుంచి వచ్చిన సర్పంచులు ఏసోబుకీ రాయప్పకీ గాజు గ్లాసులు. "గాజు గ్లాసులో అయితే కాఫీలో నీళ్ళెన్నో తెలుస్తాయి లెండి హనుమయ్యగారూ" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

మామిడికాయల గంపలో చీటీలు వేశాం. నేనే విప్పాను. మొదటి చీటీ రిబ్కా. ఎవరో ఎకసెక్కానికి రాశారనుకున్నాను. రెండోది హనుమయ్య. మూడోది రిబ్కా. నాలుగోది రిబ్కా. ఇక నోట్లోనే గొణిగాను. "పెద్దగా చదవమ్మా, కరపత్రాల్లో అరుస్తావుగా!" అన్నాడు రాయప్ప. హనుమయ్యగారికి పది, మీకు నాలుగు, నాకు పదిహేడు!

ఏసోబు జేబులోంచి కార్డు తొంగిచూస్తుంటే లాక్కున్నాను. "నా పేరు రాయొద్దు, రిబ్కా పేరు రాయండి. ఆమెకి చెప్పొద్దు." దీర్ఘం చివర మేకతోకలా మెలిక! నలభై రోజులు పలక మీద దిద్దించాను, ఆ మెలిక మాన్పించలేకపోయాను. నా శిష్యురాలి దస్తూరీ నాకు తెలియదనుకున్నారా ఇద్దరూ? రాయప్పకీ వచ్చిందట. ముప్ఫై మందికీ వచ్చిందట. హనుమయ్యగారికి కూడా! ఆయనకెందుకు పంపారు వదినా?

లెక్క అయ్యాక హనుమయ్యగారే నాకు స్టీలు గ్లాసు తెచ్చిచ్చారు. దాన్ని ఏసోబుకిచ్చి, ఏసోబు గాజు గ్లాసు నేను తీసుకున్నాను. ఆయన అది చూసి, తనూ ఒక గాజు గ్లాసు తెప్పించుకున్నాడు. మనిషి పూర్తిగా పనికిరానివాడేం కాదు.

ఇక మీ చెయ్యి సంగతి. నాకు తెలుసు. అప్పుడే మినిట్సు పుస్తకం చదివాను. "ఏకగ్రీవం" అని ఉంది. ఏకగ్రీవంలో మీరు లేకుండా ఎలా ఉంటారు? నాలుగేళ్ళుగా మీరు చెప్తారని ఎదురుచూశాను. నా కోపంలో సగం దానికే.

కానీ నేను నిలబడను. నాకు షుగరు, అరికాళ్ళు మంటలు. శౌరయ్య ఏమంటాడో తెలియదు. పేట ఆడది ప్రెసిడెంటంటే ఊళ్ళు ఒప్పుకోవు. ఓడిపోతే ప్రమీలారాణి మొహం ఎలా చూడను? నాకు రాయడం వచ్చు, ఏలడం రాదు. నాకంటే తగినవాళ్ళు బోలెడుమంది. పదిహేనో తారీఖున ఎన్నిక. చూద్దాం.

రిబ్కా

బెజవాడ,
11-6-1970

ప్రియమైన రిబ్కా,

డాక్టరు ఇవ్వాళే గుడ్డ విప్పాడు. నా చేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం, వంకరగా ఉంటే మన్నించు.

నువ్వు మే పదిహేనున రాసింది దీంతో తిప్పి పంపుతున్నాను. అంతకంటే బాగా నాకు రాయడం రాదు. అరికాళ్ళ మంటలకి రెండో పేరా చూసుకో. శౌరయ్యకి మూడోది. తగినవాళ్ళకి నాలుగోది, అది గట్టిగా చదువు, శౌరయ్యకి వినపడేట్టు. ఓటమికి అయిదోది. "చూద్దాం"కి చివరి వాక్యం.

శౌరయ్యని నువ్వు అడగలేదని తెలుసు. మీ వదిన అడిగింది, కార్డు మీద. "ఎనిమిదేళ్ళుగా ప్రెసిడెంటుని తిట్టేది వింటున్నా, ఆవిడే ప్రెసిడెంటయితే ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అని జవాబిచ్చాడు.

సోమవారం ఎన్నికలో నీ పేరు ప్రతిపాదించడానికి ఒకరు చెయ్యెత్తి లేవాలట. మెట్లు నేనెక్కుతాను. ముందు వరసలో కూర్చుంటాను. ఆ చెయ్యే ఎత్తుతాను, అందరూ చూసేట్టు. నువ్వు రాకపోతే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది, ముసలాడికి నొప్పి.

ఆదిశేషయ్య

(హనుమయ్యకి పొరపాటున పంపాను. ఇరవై తొమ్మిది కార్డులు రాసిన ఊపులో ఆయనకీ ఒకటి పోయింది. — పిచ్చమ్మ)

తిరువూరు,
2-7-1970

ప్రియమైన అన్నగారికి, వదినకి,

ఎన్నిక రోజు మీరు మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని "రెండోవాడు ఎక్కడ?" అన్నారు. హనుమయ్యగారు వచ్చి రెండో భుజం పట్టారు. ఆ నడకకే సగం ఓట్లు పడ్డాయంటాడు రాయప్ప. నలభై తొమ్మిది మంది సర్పంచులూ, మీతో కలిపి ఇద్దరు కోఆప్టెడ్ మెంబర్లూ ఓటేస్తే, మనవాళ్ళు కొందరు జారుకున్నా, ఇరవై ఏడుకి ఇరవై నాలుగు. మూడు ఓట్లు! పోస్టాఫీసు వాళ్ళకి కృతజ్ఞతలు.

మొదటి సంతకం ప్రమీలారాణి ఆర్డరు రద్దు మీద పెట్టాను. ఇకమీదట ఏ టీచరుని బదిలీ చేసినా కారణం రాసి ఆఫీసు గోడకి అంటించాలని రెండో సంతకం. గుమాస్తా అడిగాడు, "కారణం లేకపోతేనండీ?" అని. "బదిలీ కూడా ఉండదు" అన్నాను. పాపం, అదీ రాసుకున్నాడు.

అసలు రాయాలనుకున్నది ఇది. నిన్న మా పేట బడికి వెళ్ళాను, ప్రెసిడెంటుగా మొదటిసారి. వాకిట్లో ఎండలో పిల్లలు రెండు వరసలుగా నిలబడి ఉన్నారు, చేతుల్లో బంతిపూలు. చివర్న ప్రమీలారాణి, ఆ పొట్టతో, చెమటలు కక్కుతూ.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"మీకోసమేనండీ."

"ఆయనకి చెయ్యనన్నావు కదా!"

"మీరు వేరు కదండీ!" అంది, నవ్వుతూ.

పిల్లలు పూలు చల్లారు. అన్నగారూ, అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం బాగానే ఉంది. బాగా ఉంది. ఆ నిమిషం దాటాక నాకే భయమేసింది. అందర్నీ లోపలికి తోలాను. ప్రమీలారాణిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి తిట్టాను. "వేరు కాదమ్మా, ఎవరూ వేరు కాదు. ఆయన కూడా మొదటిరోజు వేరే అయ్యుంటాడు" అన్నాను. తర్వాత రెండో తరగతి వాళ్ళకి ఎక్కాలు చెప్పాను. తిట్టడంకంటే అదే బాగా వచ్చింది నాకు.

ఆ నిమిషం మళ్ళీ వస్తుంది. ఈసారి రెండు నిమిషాలుంటుంది, తర్వాత పది. అప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ "ఏకగ్రీవం" అంటారు. అందుకని మీ కుర్చీ ముందు వరసలో, నా ఎదురుగా వేయించాను. ఆ పూలు నాకు బాగున్నాయని మీకు తోచిన రోజున, కాదంటూ నా మొహం మీదే ఆ చెయ్యి ఎత్తండి.

చూద్దాం అనకండి.

మీ చెల్లెలు,
రిబ్కా