మా అమ్మాయి గర్భం ఎన్నడూ మూసి లేదు

మయూర్ విహార్ ఫేజ్ త్రీ,
ఢిల్లీ.
22 నవంబరు 2025, శనివారం.

గౌరవనీయులైన బావగారు దేవసహాయం గారికి, చెల్లెమ్మ జయశీలకు,

మనందర్నీ తాతల్నీ అమ్మమ్మా నాయనమ్మల్నీ చేసిన దేవుని పేర, మీ చెల్లెలూ నేనూ చేసే వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. ఫరీదాబాదులో మీరూ క్షేమమని తలుస్తాను.

ముందు పాప కబుర్లు. ఎంత బాగుందో రాయాలంటే నా ఎనిమిదో తరగతి చదువు చాలదు బావగారూ! ఆవులిస్తే మొహమంతా నోరే అవుతుంది, చివర్లో కీచుమని చిన్న శబ్దం. నిన్న నా చిటికెనవేలు పట్టుకుంది. కాఫీ చల్లారిపోతోందని మీ చెల్లెలు అరుస్తున్నా నేను వేలు తీయలేదు. లిఫ్టు అబ్బాయికీ, పాలవాడికీ, కింద ఇస్త్రీ బండి భయ్యాకీ లడ్డూలు పంచాను. ఇస్త్రీ భయ్యా అయితే, అంకల్‌జీ, నాకు ఇందాకే ఇచ్చారు కదా అన్నాడు. అయితే ఏం, మళ్ళీ తీసుకో, మనవరాలు మళ్ళీ ఆవులించింది అన్నాను. సెంట్రల్ సెక్రటేరియట్‌లో ఇన్నేళ్ళు స్టాఫ్ కారు నడిపి, ఎందరు పెద్దవాళ్ళని ఎక్కించుకున్నానో. ఆసుపత్రి నుంచి ఈ పిల్లని ఇంటికి తెచ్చిన రోజున మాత్రం దారంతా స్పీడు ఇరవై దాటనివ్వలేదు.

ఇంత సంతోషంలో ఉన్నవాణ్ణి మీరు వాట్సాపులో పంపిన కార్డు నిప్పుల మీద కూర్చోబెట్టింది.

వచ్చే ఆదివారం ముప్పయ్యో తేదీన మీ సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టారు. సంతోషం. ఆరాధన తర్వాత భోజనాలు. అదీ సంతోషం. కాని పైన బంగారు రంగు అక్షరాలతో ఏమని వేయిస్తున్నారు? 'మా కోడలు ఫెయిత్ యొక్క మూయబడిన గర్భమును తెరచిన దేవునికి స్తోత్రములు' అట! కింద 'సాక్ష్యము: శ్రీమతి జయశీల' అట. అంటే మా చెల్లెమ్మ మైకు పట్టుకుని ఆ మాటే సంఘమంతటికీ చెబుతుంది. వీడియో కూడా తీయిస్తున్నారని విన్నాను.

ఈ సంగతి ఫోనులో మాట్లాడవచ్చు. కాని ఫోనులో నేను గొంతు పెంచుతాను, మీరు ఠీక్ హై బావగారూ, ఠీక్ హై అని పెట్టేస్తారు. ఉత్తరమైతే పెట్టేయడానికి ఉండదు. అందుకని రాస్తున్నాను.

మూయబడిందని మీకెవరు చెప్పారు?

ఆమధ్య ఒక పని మీద, మా అమ్మాయీ అల్లుడూ చూపించుకునే గురుగ్రామ్ ఆసుపత్రికి నేనూ వెళ్ళవలసి వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉంది. ఆడమనిషి నడుము నుంచి తొడల దాకా నిలువునా కోసినట్టు చేసిన బొమ్మ. నేను సిగ్గుతో గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నవ్వి, అంకల్‌జీ, మనమంతా ఇక్కణ్ణుంచే వచ్చాం, ఇటు చూడండి అంది. చూశాను.

కటి ఎముక వెడల్పాటి గిన్నెలా ఉంటుందట. ఆ గిన్నెలో ముందు మూత్రం నిలిచే సంచి, వెనక మలం దిగే పేగు, ఆ రెండిటి మధ్యన గర్భసంచి. ఎంత ఉంటుందనుకున్నారు? పిడికిలంత కూడా ఉండదు. తొడిమ కిందికి పెట్టి పట్టుకున్న జామకాయలా ఉంటుంది. పై మూలల నుంచి అటొకటి ఇటొకటి సన్నని గొట్టాలు. వాటి చివర కుచ్చులు, ఆ కుచ్చుల పక్కన బాదంకాయంత అండాశయాలు. అక్కణ్ణుంచి నెలకో అండం విడుదలైతే కుచ్చులు దాన్ని అందుకుని గొట్టంలోకి పంపుతాయట. గర్భసంచి కింద దాని మెడ, దాని కింద యోని. ఈ మాటలు పలకడానికి నాకు ఇంత వయసు రావలసి వచ్చింది. ఎవరం పలకం కాబట్టే మన ఇళ్ళలో ఎవరికి తోచింది వాళ్ళు అనేస్తాం. అందుకే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను.

మా అమ్మాయికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ మందు గర్భసంచి నిండి, రెండు గొట్టాల్లోనూ పారి, చివర బయటికి చిందింది. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుతురుకి పెట్టి నాకు చూపించింది. అండాశయాలు బాగున్నాయి. నెలనెలా జరగవలసింది జరుగుతోంది. మరి మూసింది ఎక్కడ బావగారూ? ఎక్కడో బొమ్మ గీసి, గుర్తు పెట్టి పంపండి.

పెళ్ళయిన ఏడాది నుంచి, ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివినప్పుడల్లా 'సహోదరి ఫెయిత్, గర్భఫలము కొరకు' అని చదివారు. సంఘ పెద్దగా చదివింది మీరే. జ్వరమొచ్చిన వాళ్ళ పేర్లు జ్వరం తగ్గాక తీసేస్తారు. ఉద్యోగం కోసం అడిగిన వాళ్ళవి ఉద్యోగం రాగానే తీసేస్తారు. నా కూతురి పేరు మాత్రం మీ కాగితంలో కాపురం ఉంది. పక్కన మీ అబ్బాయి పేరు ఒక్కసారైనా చదివారా? పిల్లలు ఇద్దరికి కలిపి పుడతారని తెలిసిన పెద్దలే కదా మీరు!

ఫెయిత్ చేసేది కాన్పుల వార్డులో నర్సు ఉద్యోగం. వారమంతా ఇతరుల బిడ్డల్ని చేతుల్లోకి తీసుకుని, బొడ్డు కోసి, తుడిచి, తల్లుల పక్కన పడుకోబెడుతుంది. ఆదివారం డ్యూటీ దిగి మెట్రో ఎక్కి మీ సంఘానికి వచ్చి ఆ మాట వింటుంది. మదర్స్ డే నాడు తల్లులందరూ లేచి నిలబడితే తలా ఒక గులాబీ ఇచ్చారు. మా పిల్ల ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. ఇచ్చే అమ్మాయికి తెలియక పువ్వు చాపితే, మా చెల్లెమ్మ, దీనికి కాదులే, ఈ నేలలో ఏమీ మొలవదు అన్నదట. నవ్వుతూనే అన్నదట! పక్కనున్న వాళ్ళూ నవ్వారట. మా అమ్మాయి నాకు చెప్పలేదు. వెనక బల్లలో ఉన్న మా ఊరావిడ చెప్పింది.

మరి ఇన్నేళ్ళు ఎందుకు ఆలస్యమైందని మీరు అడుగుతారు. అడగకండి. నాకు తెలుసు, కాని రాయను. ఎవరికీ చెప్పొద్దని ఫెయిత్ నా దగ్గర మాట తీసుకుంది. పాప వచ్చేసింది కదా నాన్నా, వాళ్ళు ఏమనుకుంటే నాకేం, వదిలెయ్ అంటుంది. నేను వదలలేను. ఆ పాప పెద్దదై ఆ వీడియో చూస్తుంది. వాళ్ళమ్మ మూసిన తలుపనీ, ఎవరో దయతలచి తెరిచారనీ నేర్చుకుంటుంది. నా మనవరాలికి నేను అది నేర్పనివ్వను.

కాబట్టి కార్డు మార్చండి. 'పాపను ఇచ్చిన దేవునికి స్తోత్రములు' అని వేయించండి, చాలు. చెల్లెమ్మ మైకులో గర్భం మాట ఎత్తకూడదు. ఎత్తేట్టయితే మేము రాము, తల్లీ బిడ్డా కూడా రారు. భోజనాలకి ఎంతమందిని పిలిచారో, వాళ్ళందరికీ మా ఖాళీ కుర్చీలు చూపించి మీరే జవాబు చెప్పుకోండి.

కోపంగా రాశాను, నిజమే. మీ మీద ప్రేమ లేక కాదు. పాప ముక్కు అచ్చం మీ ముక్కే. అది చూసినప్పుడల్లా మిమ్మల్ని తిట్టడం కష్టమవుతోంది. అయినా తిట్టాను.

మీ మేలు కోరే,
బావ,
సిలాసు

తా.క. ఉత్తరం మడుస్తుండగా మీ అబ్బాయి నథానియేలు వచ్చాడు. దాచబోయాను, దాచలేకపోయాను. నిలబడే మొత్తం చదివాడు. చదివి, మావయ్యా, మీరు సగమే సచ్ రాశారు, మిగతా సగం నిజం కూడా రాయండి, నేను పక్కన కూర్చుంటాను అన్నాడు. ఇకమీదిది అతను చెప్పగా రాస్తున్నాను.

మగవాడికి వృషణాల్లో బీజం తయారవుతుంది. రెండు పక్కల నుంచీ రెండు సన్నని నాళాలు గజ్జల మీదుగా పైకెక్కి, మూత్రాశయం వెనక్కి తిరిగి, ప్రోస్టేటు గ్రంథి లోపల మూత్రం వచ్చే దారిలో కలుస్తాయి. నథానియేలుకి పసితనంలో రెండు గజ్జల్లోనూ హెర్నియా వస్తే ఆపరేషను చేయించారు, మీకు గుర్తుండే ఉంటుంది. పసివాడికి ఆ నాళాలు దారమంత ఉంటాయట. రెండు పక్కలా కుట్టులో పడిపోయాయి. బీజం ఉంది, బయటికి దారి లేదు. మూసుకుపోయింది అక్కడ. పరీక్షలో ఈ సంగతి తేలినప్పుడు, మా వాళ్ళకి తెలియనివ్వకు అని అతనే ఫెయిత్‌ని బతిమాలాడట. కిందటేడు ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్ళాడని మీకు చెప్పింది దాన్ని సరిచేసే ఆపరేషనుకే. గురుగ్రామ్‌లోనే మైక్రోస్కోపు పెట్టి ఆ నాళాలు అతికించారు. మా ఇంట్లోనే, వెనక గదిలో, కోలుకున్నాడు. నేను ఆ డాక్టరమ్మ దగ్గర కూర్చున్నది అతనికి తోడుగా వెళ్ళినప్పుడే. ఆ వారమే కదా, కోడలు ఫరీదాబాదు రాలేదని చెల్లెమ్మ ఫోనులో దుమ్మెత్తిపోసింది!

ఈ ఉత్తరం అతనే తెచ్చి మీ చేతిలో పెడతాడు. ఆదివారం సాక్ష్యం చెప్పేది కూడా తనేనట.

ఫెయిత్‌కి ఇంకా తెలియదు, లోపల పాపకి పాలిస్తోంది. చెప్పడానికి అతను ఇప్పుడే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఏం చెబుతున్నాడో నాకు వినబడడం లేదు. ఫెయిత్ ఏడవడం వినబడుతోంది. ఇన్నేళ్ళలో మా చెవిన పడేలా ఆ పిల్ల ఏడవడం ఇదే మొదలు. మీ చెల్లెలు లేచి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఏడవనీ అన్నాను.