మోటారు ఆగాక పాట

జూలై 12, శనివారం. ఉదయం 7.10

ఇవాళే మొదలు. పద్నాలుగు రోజులు, పది పాటలు. స్టూడియో లేదు, కంపెనీ లేదు. గిటారు నాదే, గొంతు నాదే, కట్టిన జానపదాలూ నావే. తొమ్మిదేళ్ళుగా "ఆల్బం వస్తోంది" అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. పక్కింటి గ్లెనిస్ ఆంటీకి ఓపిక నశించింది. ఊరి హాలు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. 26 సాయంత్రానికి నా పేరు రాసేసి, ఎవరు ఏ కేకు తేవాలో కూడా పంచేసింది. కేకులు పంచాక మా ఆస్ట్రేలియా పల్లెల్లో ఏదీ వాయిదా పడదు.

నియమాలు:
1. రోజుకో పాట.
2. ఏ పాటైనా మూడుసార్లకు మించి పాడరాదు.
3. ఎవరి సాయమూ అడగరాదు.

10.00. రికార్డింగులో బయటి చప్పుడు పడకుండా వెనకగది గోడలకు దుప్పట్లు కొట్టాను. కిటికీకి చాలలేదు. పర్వాలేదు, అటు నిమ్మచెట్టు తప్ప ఎవరున్నారు.

జూలై 13

మొదటి పాట అమ్మ మీద. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆమె బూట్లు ఇంకా వెనక గుమ్మంలోనే ఉన్నాయన్నది రెండో చరణం. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాన్న ఫ్లష్ చేశాడు.

మాది వాననీళ్ళ ట్యాంకు. ఇంట్లో ఏ కుళాయి తిప్పినా గోడ అవతల మోటారు లేస్తుంది. ఆవు ఈనుతున్నట్టు ఒకటిన్నర నిమిషం అరుస్తుంది. నాన్నకు డెబ్బై ఆరేళ్ళు. నలభై నిమిషాలకోసారి వెళ్ళాలి.

జూలై 14

నాలుగో నియమం: తలుపుకు ఎర్ర తువ్వాలు వేలాడుతుంటే ఎవరూ నీళ్ళు ముట్టరాదు. నాన్నకు చదివి వినిపించాను.

"ఎంతసేపు తల్లీ?"

"పాట నాలుగు నిమిషాలే."

"నిన్న ఆ నాలుగు నిమిషాలే రెండు గంటలు పాడావు."

"కాస్త ఆపుకోలేవా నాన్నా?"

"రెండొందల ఆవులు నలభై ఏళ్ళు నా మాట విన్నాయి. ఇదొక్కటే వినదు."

పాట ఎలా ఉందో చెప్పలేదు. ఎప్పుడూ చెప్పడు. బాగుందని గాని, బాలేదని గాని ఇంతవరకు ఒక్క మాట లేదు. గడ్డి ఎలా ఉందో మాత్రం రోజూ చెబుతాడు. నాకు బాధగానే ఉంటుంది.

జూలై 15

రోజంతా మోటారు లేవలేదు. నాన్న బంగారం. మొదటి పాట పదకొండుసార్లు పాడాను. రెండో నియమం సవరించాను: మూడుసార్లంటే పూటకు మూడుసార్లు. (పూటలు ఎన్నని రాయలేదు.)

జూలై 17

నిన్న మబ్బు. మాకు జూలై అంటే నడి చలికాలం. మబ్బులో నా గొంతు లేవదు. ఇవాళ గిటారు తీగల కోసం జీలాంగ్ పట్నం వెళ్ళాను. తేనె కొన్నాను, టోపీ కొన్నాను. తీగలు మర్చిపోయాను.

జూలై 19

గ్లెనిస్ ఆంటీ వచ్చింది.

"ఏమే బ్రిడీ, ఎన్నయ్యాయి?"

"దాదాపు..."

"దాదాపు ఎన్ని?"

"దాదాపు ఒకటి."

"నేను ఎనభై లామింగ్టన్ కేకులు చేస్తున్నా. కొబ్బరిపొడి కూడా తెచ్చేశా." తర్వాత గొంతు తగ్గించింది. "మీ నాన్నకేమైందే? ఈ చలిలో పొద్దస్తమానం నిమ్మచెట్టు దగ్గరే ఉంటున్నాడు. కంచె మీంచి పలకరిస్తే గబుక్కున అటు తిరిగాడు."

మా వైపు మగాళ్ళు నిమ్మచెట్టు దగ్గరికి ఎందుకు వెళతారో అందరికీ తెలుసు. ఆ నీళ్ళు చెట్టుకు మంచివని కూడా అంటారు. మోటారు ఎందుకు లేవడం లేదో అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. అయినా తువ్వాలు తీయలేదు. ఇంకా తొమ్మిది పాటలున్నాయి.

జూలై 22

ఉదయం ఆరున్నరకు నాన్న నిమ్మచెట్టు కింద మంచు మీద జారిపడ్డాడు. చీలమండ బెణికింది. ఎలా పడ్డావని డాక్టరమ్మ అడిగింది.

"నిమ్మకాయలు కోస్తూ."

"ఆరున్నరకా?"

"టీలోకి."

కారులో అడిగాను. "ఇంట్లోనే వెళ్ళొచ్చుగా నాన్నా?"

"తువ్వాలు వేలాడుతోందిగా."

ముందురోజు తీయడం మర్చిపోయాను. ఆరున్నరకు నేను నిద్రపోతున్నాను.

ఇంటికి రాగానే తువ్వాలు ఉతికాను. మోటారు అరిచింది. అరవనీ.

జూలై 24

ఆల్బం మానేశాను. ఆంటీకి ఫోన్ చేశాను. "కేకులు పంచేశాను," అని పెట్టేసింది.

2.15. రికార్డు చేసినవన్నీ చెరిపేద్దామని కూర్చుని, ఒకసారి విన్నాను. 15వ తేదీది, ఏడోసారి పాడినది. రెండో చరణంలో మాటలు మర్చిపోయి ఆగాను. ఆగినచోట కిటికీ అవతల సన్నగా ఇంకో గొంతు. నాన్న. చెట్టు దగ్గర నిలబడి నా పాటే పాడుతున్నాడు. నేను మర్చిపోయిన మాటలతో సహా. ఒక్క మాట మాత్రం మార్చాడు. నేను నల్ల బూట్లని రాశాను, నాన్న నీలం బూట్లని పాడుతున్నాడు.

ఆ తర్వాత జిప్పు చప్పుడు.

వెనక గుమ్మంలోకి వెళ్ళి బూట్ల మీది మట్టి తుడిచి చూశాను. నీలమే. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

జూలై 26

హాల్లో అరవై మంది, ఎనభై లామింగ్టన్లు, ఒక పాట. ఏడోసారిదే పెట్టాను. జిప్పు చప్పుడు కూడా చెరపలేదు. జనం నవ్వారు. నాన్న చేతికర్ర చూసి నవ్వు ఆపేశారు.

"ఆల్బం అంటే ఒకటేనటే?" అంది ఆంటీ. కళ్ళు మాత్రం తుడుచుకుంటోంది.

నాన్న కారెక్కాడు. బెల్టు పెట్టుకుంటూ అన్నాడు.

"పాట బాగుంది. నువ్వే రెండో చరణంలో తొందరపడతావు."

జూలై 27, ఆదివారం. ఉదయం 7.10

ఇవాళే మొదలు. పద్నాలుగు రోజులు, తొమ్మిది పాటలు.

నియమాలు:
1. రోజుకో పాట.
2. మూడుసార్లంటే మూడే.
3. రెండో చరణాలు నాన్నవి. లోపల కుర్చీలో కూర్చునే పాడాలి.
4. తువ్వాలు లేదు.

9.40. మోటారు లేచింది. నాన్న వచ్చాక మొదలుపెడతాం.