సైదులు బండి, వెంకట్రావు బండి: ఏది సాదగలం?

మా ఏరియా రవాణా శాఖ అధికారి గారి సముఖమునకు,
కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ నివాసి ఈరమ్మ, కీ.శే. దశరథ భార్య, వ్రాసుకొన్న అర్జీ.
తేది: 12-9-2013

విషయం: మైల్డ్ హైబ్రిడ్ బండి, ఫుల్ హైబ్రిడ్ బండి, ఈ రెండింటిలో దేనికి సాదుడు (నిర్వహణ) ఖర్చు తక్కువో తనిఖీ చేయించి తెలుపుట గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. పోయిన నెల మీ ఆఫీసుకు వస్తే తమరికి దగ్గు ఉండె, తగ్గిందా? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారు నడుము ఎట్లున్నది? రెండో కిటికీ కాడి మేడంకు నెలలు నిండినట్టుండె, సుఖంగ కాన్పయిందా? గేటు కాడి వాచ్‌మన్‌కు షుగర్ అన్నడు, గోలీలు తప్పకుండ వేసుకొమ్మనండి. మా ఇంట్ల అందరం బాగానే ఉన్నం, ఈ బండ్ల పంచాయితీ తప్ప.

నా కొడుకు మహేందర్ ఒక ట్రావెల్స్‌లో డ్రైవరు. సొంత బండి కొంటానని, తుర్కయంజాల్‌లో మా ఆయన కొన్న ప్లాటు బేరం పెట్టినాడు. ఈ నెల 23న రిజిస్ట్రేషన్. నా సంతకం లేనిది కాదు. మాకున్నది ఆ ఒక్క ప్లాటే. కావున ఈ క్రింది అనుమానములు తమరి దృష్టికి తెచ్చుచున్నాను.

1. మైల్డ్ అనేది మా ఊరి సైదులు అమ్మజూపేది, డీజిల్ జీపు. సిగ్నల్ కాడ ఇంజను తానే ఆగి, క్లచ్ తొక్కితే తానే లేస్తదట, డీజిల్ మిగులుతదట. మళ్ల లేవకుంటే ఎట్లరా అని అడిగిన. "పెద్దమ్మా, ఇది మన బండి, నువ్వు ఫికర్ జేయకు" అన్నడు. మనదైతే ఊకెనే ఇయ్యరాదురా అన్న. నవ్వి, బానెట్ ఎత్తి చూపిచ్చిండు. ఏ మెకానిక్ అయినా విప్పుతడట, సామాను అగ్గువనట. ఇది తమరు ధ్రువీకరించవలెను.

2. ఫుల్ అనేది ఎల్బీనగర్ వెంకట్రావు గారి పెట్రోలు కారు. వెనక పెద్ద బ్యాటరీ ఉంటది, మెల్లగ పోయేటప్పుడు దాని మీదనే నడుస్తదట. "పిన్నిగారూ, దీనికి పెట్రోలు వాసన చూపిస్తే చాలండి" అన్నడు. వాసనకే నడిచేదాన్ని ఎందుకు అమ్ముతున్నవు నాయనా అంటే, "మోకాళ్ళ నొప్పులండి, సీటు బాగా కిందికుంది" అన్నడు. ఆయన భార్య కుసుమకుమారి గారేమో "ఇంట్లో రెండు కార్లెందుకండీ" అన్నది. ఇద్దరుండేది ఒక్క ఇల్లు, కారణాలు రెండు. రాష్ట్రం విడిపోతదని అమ్ముకొని పోతున్నరా, లేక బ్యాటరీ పోయిందా? కొత్త బ్యాటరీకి లక్ష దాటుతదని సైదులు, "పుకార్లండి, పదేళ్ళు దాని వంక చూడక్కర్లేదు" అని వెంకట్రావు. ఒకరి బండిని ఒకరు తిట్టుడే గాని, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పేటోడు లేడు.

3. బంద్ నాడు బంకులు మూసినా తన కారు బ్యాటరీతో నడుస్తదని వెంకట్రావు గారి మాట. ప్లగ్గు ఎక్కడున్నదని అడిగిన. "ప్లగ్గు లేదండి, దానంతటదే నిండుతుంది." దానంతటదే నిండేది బాయి ఒక్కటే, మా నల్లగొండ దిక్కు అది సుత ఎండింది. మహేందర్‌ను నిలదీస్తే, ఇంజను తిరిగితేనూ బ్రేకు తొక్కితేనూ నిండుతదని ఒప్పుకున్నడు. అంటే అది సుత తాగేది పెట్రోలే గదా సారూ. ఇంకోటి, ఇద్దరూ బండి నెలంతా తిరుగుతదనే లెక్క చెప్తున్నరు. రెండేండ్ల కింద సమ్మెల మావోడు నడిపే బండి నెల మీద ఇంటి ముందటనే ఉండె. నిలబడ్డ బండి ఏం మిగులుస్తది? పెద్ద బ్యాటరీ నిలబడితే పాడైతదా, కాదా? బంద్ నాటి ఖర్చు ఎవని లెక్కల లేదు.

4. వెంకట్రావు గారిది కృష్ణా జిల్లా నెంబరు. దాని మీద ఏపీ బదులు టీజీ అని అంటిస్తే తమరు జుర్మానా వేస్తరు, అంటించకుంటే ఎవడో అద్దం పగలగొడ్తడు. అద్దం ధర సుత సాదుడు ఖర్చుల కలుపుతరా?

5. మొన్న నడిపి చూపిద్దామని వెంకట్రావు గారు ఆ కారు తెచ్చిండు. ఎక్కే ముందర ఆనవాయితీ గదా అని ముందటి చక్రం కింద నిమ్మకాయ పెట్టిన. నేనింకా వంగే ఉన్న. చప్పుడు లేదు, నిమ్మకాయ నలిగింది. చెయ్యి తీసేటాలకు వేళ్లకు రసమంటింది. చాలూ అయిన బండి స్టార్టయినట్టు తెలియకపోవుట నేరము కాదా అని మనవి.

కావున రెండు బండ్లనూ ఒక్కచోట నిలిపి, ఐదేండ్లు సాదితే దేనికెంత అయితదో ఇన్‌స్పెక్టర్ సారుతో రాయించి ఇప్పించగలరు. ముసలిదాని పరేషాన్ తమరు పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఈరమ్మ (వేలిముద్ర కాదు, సంతకమే)

మరొక మాట: ఇది మహేందర్‌కు తెలియనీయకుండ్రి. నిమ్మకాయ నలిగినంక కోపంతోనే ఆ కారెక్కిన. మూసారాంబాగ్ సిగ్నల్ కాడ ఆగితే చప్పుడు లేదు, ఊపు లేదు. మా ఆయన పోయినకాడికెల్లి నాకు నిద్ర సక్కగ పట్టది సారూ. ఆడ పట్టింది. ఇంటికాడ కోడలు మౌనిక లేపితే లేచిన. "అత్తమ్మా, బండి నచ్చినట్టుంది" అని నవ్వింది. అప్పటి సంది నాకు సైదులు మీద కాదు, వెంకట్రావు మీద కాదు, నా మీదనే అనుమానం. నన్ను నిద్రపుచ్చి ప్లాటు కాగితం మీద సంతకం పెట్టించుకుంటదేమో ఆ కారు. అందుకని తమరే రావాలె. గణపతుల నిమజ్జనం అయినంక, 20వ తారీఖు శుక్రవారం పొద్దుగాల తొమ్మిదింటికి రెండు బండ్లూ మా ఇంటి ముందట నిలబెట్టిస్త. అయ్యాల బంద్ అంటే మరునాడు శనివారం, 21.