కరక్ కప్పులో వణుకు

సెప్టెంబర్ 7, ఆదివారం
మళ్ళీ వణికింది. కార్నిష్ దగ్గర, పెద్ద మేడం సముద్రం చూస్తూ కూర్చున్నప్పుడు. నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, వాళ్ళమ్మకు రోజూ సాయంత్రం ఇదే షికారు — కరక్ చాయ్ కొట్టు ముందు హారన్ కొడితే కప్పు కిటికీ దగ్గరికే వస్తుంది, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డు. ఆమె బండి దిగదు. ఇంజన్ ఆపకూడదు, ఏసీ ఆగకూడదు. సరిగ్గా ఆగి ఉన్నప్పుడే ఈ బండికి వణుకు. రోడ్డెక్కితే మాయం. కఫీల్ శుక్రవారం ఒక్కరోజు నడుపుతాడు, అదీ గాలితో పందెం వేసినట్టు. ఆయనకేం తెలుస్తుంది. ఆగి ఉండేది నేనూ, వాళ్ళమ్మా.

సెప్టెంబర్ 8, సోమవారం
వేరే బంకులో పెట్రోల్ కొట్టించి చూశా. అదే వణుకు. ఇంజన్ లైట్ ఇంకా వెలగలేదు, అదొక్కటే ధైర్యం. సిగ్నల్ పడితే గేరు న్యూట్రల్‌కు తెస్తున్నా… కొంచెం తగ్గుతోంది.

సెప్టెంబర్ 9, మంగళవారం
కఫీల్‌కు చెప్పాలి. భయం. నాకు ముందున్న డ్రైవర్ గేర్‌బాక్సులో చప్పుడొస్తోందని తనే పోయి చెప్పాడు. నువ్వే పాడుచేశావన్నారు, వారం తిరక్కుండా టికెట్ చేతిలో పెట్టారు. అప్పట్నుంచి ఈ వీధి డ్రైవర్లందరిదీ ఒకటే మాట — బండి జబ్బు, చెప్పినవాడి మెడకే. యాభై దాటినవాణ్ణి. నన్నూ పంపిస్తే మళ్ళీ వీసా ఎవడిస్తాడు?

ఇంటి నుంచి ఫోన్, నా భార్య. దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్ అంటుంది. ఖతర్ అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. మంచిగున్నయ్ అన్నా.

సెప్టెంబర్ 10, బుధవారం
చాయ్ ఒలికింది. మేడం తొడుక్కున్న అబాయా మీద. పెద్ద మేడం కోప్పడలేదు, దానికే నాకు భయమేసింది. తన కుడిచేతిని అట్లా చూస్తూ ఉండిపోయింది. ఆ చేతికి కొద్దిగా వణుకు ఎప్పటినుంచో ఉంది, దానికి రోజూ ఒక చిన్న మాత్ర.

"షూఫ్, రాజూ," అంది, చూడమని. "చేతిలో ఉండేది ఒళ్ళంతా పాకింది. నడుములో, కాళ్ళలో…"

నీకు కాదమ్మా, బండికి — ఈ మాట గొంతుదాకా వచ్చింది. మాఫీ ముష్కిల్ మేడం, ఏం పర్లేదు అన్నాను. నా నోరు పడిపోను.

సెప్టెంబర్ 11, గురువారం
ఇంట్లో పనిచేసే రమణమ్మ చెత్త పడేయడానికి వచ్చి గేటు దగ్గర చెప్పింది. కడప మనిషి, ఏదీ దాచుకోదు. "ఒళ్ళంతా వణుకుతాండాదని ఆయమ్మే చెప్పిందంట అన్నా. డాక్టరు మాత్ర పెంచినాడు."

బండి జబ్బుకు మనిషికి మందు. అన్నం కలిపి అట్లాగే వదిలేశా.

సెప్టెంబర్ 12, శుక్రవారం
ఇంజన్ లైట్ వెలిగింది. కఫీల్ నమాజుకు ఇంకో బండిలో పోయాడు. దేవుడున్నాడు. రేపటిదాకా ఉంటాడో లేదో…

సెప్టెంబర్ 13, శనివారం
టైర్లలో గాలి అని చెప్పి, రిపేరు షెడ్లుండే సనయ్యాకు తీసుకుపోయాను. సలీం భాయ్ షెడ్డు. మా కోరుట్ల మనిషే.

ముందు ప్లగ్గులు తీసి చూశాడు, బాగానే ఉన్నాయి. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే, ప్లగ్గులకు కరెంటిచ్చే ఒక్కో కాయిల్ వైరు పీకాడు. ఒకటి పీకితే ఇంజన్ ఇంకా ఎక్కువ ఊగింది, పెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు.

"ఏది పీకితే ఇంజన్‌కు ఫరక్ పడదో గదే సచ్చినట్టు, తమ్మీ."

ఒట్టి మాట మీద నమ్మొద్దని ఆ కాయిల్‌నే తీసి పక్కదాని చోట పెట్టాడు. జబ్బు కూడా దానితోపాటే పక్కకు పోయింది. కొత్తది వేశాడు. లైట్ ఆరింది. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తే నిద్రపోతున్న పిల్లలా ఉంది. ఏడుపొచ్చింది, నవ్వాను. పాత కాయిల్ గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకున్నా. ఎందుకో తెలియదు.

సెప్టెంబర్ 14, ఆదివారం
కార్నిష్. చాయ్ మీద మీగడ కదల్లేదు. పెద్ద మేడం కళ్ళు మూసుకుని అల్‌హమ్దులిల్లా అంది. మందు పనిచేసింది అంది. ఆ డాక్టరు చల్లగా ఉండాలంది.

ఇక వణుకు లేదు. పెంచిన మాత్ర మాత్రం అట్లాగే ఉంది.

సెప్టెంబర్ 15, సోమవారం
షికారు లేదు. ఆమె నిద్రపోతోందట. పగలంతా.

సెప్టెంబర్ 16, మంగళవారం
బాత్రూమ్ గుమ్మం దగ్గర తూలిందట. రమణమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. సగం మాత్రే ఇవ్వరాదా అని అడిగాను. ఎందుకన్నా అంది. ఊరికే అన్నాను. "నా మెడకు చుట్టుకుంటాది. నువ్వేమన్నా డాక్టరువా?" అని విసురుగా లోపలికి పోయింది. నిజమే. ఎవరి మెడ వాళ్ళకు తీపి.

సెప్టెంబర్ 17, బుధవారం
చెబితే నేను పోతాను. చెప్పకపోతే… ఒకరోజు ఆమె పడుతుంది. ఈ వయసులో తుంటి విరిగితే లేవదు. మా అమ్మ లేవలేదు.

రేపు చెబుతా.

సెప్టెంబర్ 18, గురువారం
కార్నిష్‌కు పోదామంది. ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. ఇదివరకు ఎప్పుడూ పట్టుకోలేదు. ఆదివారం మళ్ళీ డాక్టరు దగ్గరికి, కొడుకు తీసుకుపోతాడట. ఇదే మందు రాయించుకుంటుందట.

చాయ్ తాగలేదు. కప్పు సీట్ల మధ్య గూట్లో పెట్టి దానివైపే చూస్తూ కూర్చుంది. నేను అద్దంలో ఆమెను చూస్తూ మాటలు కూర్చుకుంటున్నా. మేడం, ఒక మాట. మేడం, బండి… అంతలో తనే అంది, నిదానంగా, నిద్రమత్తులోనే.

"పోయిన వారం ఈ చాయ్ ఇక్కడ పెట్టినా వణికేది. నా చేతిలో లేనప్పుడు కూడా. కదా, రాజూ?"

వెనక ఎవరో హారన్ కొట్టారు. బండి జరిపాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఇప్పుడే రమణమ్మ నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. "పెద్ద మేడం పిలుస్తాంది. ఒక్కడివే రావాలంట." కఫీల్ ఉన్నాడా అని అడిగాను. ఇప్పుడే వచ్చినాడు, ఆయమ్మ పక్కనే కూర్చోనుండాడు అంది.

పాత కాయిల్ తెచ్చి జేబులో వేసుకున్నా. చొక్కా గుండీ పెట్టుకోబోతే చెయ్యి కుదరట్లేదు. ఈ వణుకు నాదే.